రేపు రమ్మనే రెయిన్ చెక్కు గారికి

మహారాజశ్రీ రెయిన్ చెక్కు గారికి, ఉత్తర కరోలినా రాష్ట్రం షార్లెట్ శివారు నుంచి ఒక స్టాక్ కార్ రేసుల అభిమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, నా గొడుగు, నా మడత కుర్చీ క్షేమంగా ఉన్నాము. మీరు నా పర్సులో డ్రైవింగ్ లైసెన్సు వెనుక పొడిగా, వెచ్చగా ఉన్నారని తలుస్తాను. ఈ వేసవిలో నాకు సంబంధించినవాటిలో తడవకుండా మిగిలినది మీరొక్కరే.

మన పరిచయం మే నెలలో ఒక శనివారం నాటిది. మా ఇంటికి ముప్పావు గంట దూరంలో ఉన్న చిన్న ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాక్ దగ్గర 20 డాలర్లు కట్టి, నాలుగో మలుపు ఎదురుగా చోటు చూసుకుని కూర్చున్నాను. జాతీయగీతం అయింది, కార్లు ముందు దారితీసే పేస్ ట్రక్కు వెనుక రెండు చుట్లు తిరిగాయి, పచ్చజెండా ఊపవలసినవాడు మెట్లెక్కి జెండా విప్పబోతుండగా వాన మొదలైంది. గంటన్నర తరువాత మైకులో రద్దు ప్రకటించారు. గేటు దగ్గర ఒక పెద్దావిడ నా టికెట్టు ముక్క మీద ముద్ర కొట్టి చేతిలో పెట్టింది. ఆ ముద్ర పడగానే చెల్లిపోయిన చిత్తుకాగితం కాస్తా, వానకు పోయిన రేసుకు బదులు మరో రోజు ఉచితంగా లోపలికి రానిచ్చే మీరయ్యారు. మరుసటి శనివారం మిమ్మల్ని చూపించి లోపలికి వెళ్లాను. వాన. మళ్లీ ముద్ర.

మా తాతగారి ఊళ్లో ప్రాంసరీ నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుందని, ఆ గడువు దాటకముందే బాకీదారును అరుగు మీద కూర్చోబెట్టి నోటు తిరగరాయించుకునేవారు. అసలూ వచ్చేది కాదు, వడ్డీ వచ్చేది కాదు, నోటు మాత్రం కొత్తగా కళకళలాడుతూ ఉండేది. జూలై మొదటివారానికి నా 20 డాలర్ల మీద అలా నాలుగుసార్లు నోటు తిరగరాశారు. బ్యాంకు చెక్కుకు కనీసం బౌన్సయ్యే నిజాయితీ ఉంటుంది. మీరు ఎన్నడూ బౌన్సవరు, ఎన్నడూ చెల్లరు. కిరాణా కొట్టులో ‘ఈరోజు నగదు, రేపు అరువు’ అని వేలాడదీసే అట్టకు మీరు అమెరికాలో మేనత్త కొడుకు వరుస. 1880ల నాటి బేస్‌బాల్ మైదానాల్లో పుట్టి, పెరిగి, చివరకు ఇక్కడి ఇంగ్లీషులో ‘ఇప్పుడు వద్దులే, మరోసారి చూద్దాం’ అని మర్యాదగా తప్పించుకోవడానికి పర్యాయపదంగా స్థిరపడిన వంశచరిత్ర మీది. పేరులోనే ఉన్నదాన్ని గమనించకపోవడం నా పొరపాటే.

శనివారం సాయంత్రమే వాన ఎందుకు వస్తుందన్నది నేను మొదట జాతకదోషం అనుకున్నాను. కాదట. ఉక్కపోసే మధ్యాహ్నాల్లో బ్లూరిడ్జ్ కొండల మీద పైకి లేచిన మబ్బులు తూర్పుగా నడిచి, పొద్దుగూకే వేళకు మా పీడ్‌మాంట్ ప్రాంతం మీదికి వచ్చి ఉరుముతాయి. ప్రేక్షకులు మధ్యాహ్నపు ఎండకు మాడిపోకూడదని రేసును సాయంత్రానికి పెట్టారు. ఆ ఎండ తయారుచేసిన మేఘం కూడా సాయంత్రానికే బయలుదేరి వస్తుంది. ఇద్దరికీ ముహూర్తం పెట్టిన పంతులు ఒక్కడే అన్నమాట.

ఇక్కడొక సందేహం మీ దృష్టికి తేవాలి. స్టాక్ కారు అంటే దుకాణంలో అమ్మినది అమ్మినట్టుగా పరుగెత్తించే కారని అర్థం. 1949 జూన్ 19న ఈ షార్లెట్‌లోనే అమెరికా స్టాక్ కార్ రేసుల సంస్థ నాస్కార్ తొలి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ రేసు నడిపినప్పుడు, గీత మొదట దాటిన గ్లెన్ డనవే కారుకు వెనుక స్ప్రింగులు మార్చి ఉన్నాయని, అది నాటుసారా రవాణాకు చేసుకున్న మార్పని తేల్చి, గెలుపును జిమ్ రోపర్‌కు ఇచ్చేశారు. అంత నిష్ఠతో మొదలైన వ్యవహారం క్రమంగా ఎక్కడికి వచ్చిందంటే, పన్నెండేళ్ల వయసున్న నా మామూలు క్యామ్రీ కారు వాన హోరులో వైపర్లు కీచుమంటూ ఇంటర్‌స్టేట్ 85 మీద నన్ను ట్రాక్ దాకా చక్కగా దిగబెడుతుంది, అక్కడి లేట్ మోడల్ అనే తరగతి రేసు కార్లు మాత్రం తుంపర పడగానే టార్పాలిన్ల కింద దాక్కుంటాయి. గాళ్లు లేని నున్నటి స్లిక్ టైరుకు నీటిని పక్కకు తోసే దారి లేదు, నీటి పొర మీద కారు తేలిపోతుంది, నిజమే. అయినా ఈ ఇద్దరిలో ‘దుకాణంలో అమ్మినట్టుగా’ ఉన్నది ఎవరో మీరే చెప్పండి.

పెద్ద ట్రాకులవాళ్లకు ఉపాయాలున్నాయి. జెట్ ఇంజన్లు బిగించిన ట్రక్కులతో తారును ఆరబెడతారు. చిన్న ఓవళ్లకు గాళ్లున్న వానటైర్లు కూడా తయారుచేశారు. 2024 జూన్‌లో న్యూ హ్యాంప్‌షైర్‌లో వానకు ఆగిన నాస్కార్ పెద్ద తరగతి ‘కప్’ రేసును, ట్రాక్ ఇంకా తడిగా ఉండగానే ఆ టైర్లు తొడిగి ముగించారు, క్రిస్టఫర్ బెల్ గెలిచాడు. దానికి నాలుగు వారాల ముందు మా షార్లెట్‌లో 600 మైళ్ల, అంటే 400 చుట్ల కోకా-కోలా 600 రేసు 249 చుట్ల దగ్గర వానకు ఆగిపోయినప్పుడు ముందున్నదీ ఆ బెల్లే. వరుణుడు అతనికి కులదైవం కావచ్చు. మరో డ్రైవరు కైల్ లార్సన్ మాట వేరు: ఆ రోజే తాను పాల్గొన్న ఇండియానాపోలిస్ 500 రేసును వాన ఆలస్యం చేస్తే, అది ముగించుకుని విమానంలో పరుగున షార్లెట్ చేరుకునేసరికి ఇక్కడ వాన, మరొకరు తన బదులు నడుపుతూ వచ్చిన కారులో ఒక్క చుట్టయినా తిరగకుండానే ఇంటికి వెళ్లాడు. ఆ రాత్రి నాకు అతని మీద బంధుప్రీతి లాంటిది కలిగింది.

మా చిన్న ట్రాక్‌కు జెట్ ట్రక్కు లేదు. ఉన్నదల్లా పాత పికప్‌లు, గొలుసు కట్టి ఈడ్చే అరిగిన టైర్లు, ఆకులు ఊదే యంత్రాలు, మనుషుల ఓపిక. రేసింగు చూడటానికి వెళ్లిన నేను ఈ వేసవిలో ఆరబెట్టడంలో పండితుణ్ణి అయ్యాను. తారు ఆరుతున్నప్పుడు కార్లు నడిచే బాటలో ముందుగా పాలిపోయిన గీత ఏర్పడుతుందని, అది మొదటి మలుపు నుంచి మూడో మలుపుకు పాకుతుందని, అంతా ఆరిందని అందరూ చప్పట్లు కొట్టే సమయానికి తారు పగుళ్లలోంచి లోపలి నీరు ఊరి సన్నగా కారుతుందని నాకిప్పుడు తెలుసు. ఆ ఊటలను ఇక్కడివాళ్లు వీపర్లు, అంటే ఏడ్చేవాళ్లు అంటారు. గ్రాండ్‌స్టాండ్‌లో ఉన్నవాళ్లం ఆ లెక్కలోకి రాము.

మీ మీద నా అసలు ఫిర్యాదు జూలై మూడో శనివారం గురించి. ఆ రోజు అసలు రేసుల్లో ఎవరెక్కడ నిలబడాలో తేల్చే హీట్ రేసులు నడిచాయి, నాలుగు సిలిండర్ల కార్ల రేసు ముగిసింది, స్ట్రీట్ స్టాక్ తరగతి రేసు ముగిసింది, నేను వచ్చిన లేట్ మోడళ్ల రేసు మూడో చుట్టులో ఉండగా ఆకాశం తెగిపడింది. గేటు దగ్గర ముద్ర కోసం చేయి చాపితే, కార్యక్రమంలో సగం దాటితే రెయిన్ చెక్కు ఇవ్వరని ఆ పెద్దావిడ చాలా మృదువుగా చెప్పింది. మే నుంచి నన్ను రేపు రేపు అన్న మీరు, తీరా అవసరమైన రాత్రి నాకు ముఖం చాటేశారు. మూడు చుట్లకు నా బాకీ చెల్లు. ఆ మరుసటి వారం మరో 20 డాలర్లు కట్టాను. ఆ రోజు వాన ఆరు గంటలకే వచ్చి మిమ్మల్ని మళ్లీ నా చేతికిచ్చింది.

ఈ సంగతి ఫోనులో చెబితే అనంతపురంలో ఉన్న మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. వేరుశనగ విత్తి మబ్బు కేసి చూస్తున్న ఊరు అది. తరువాత, “విరాటపర్వం చదివించాం, కప్పలకు పెళ్లి చేశాం, ఆ కార్లేవో ఇక్కడికి పంపకూడదూ?” అంది. ఆలోచించదగిన మాటే. రాయలసీమలో ఒక ఓవల్ కట్టి, శనివారం ఏడు గంటలకు పచ్చజెండా అని కరపత్రాలు పంచితే చాలు, చెరువులు అలుగు పారతాయి.

నన్ను ఈ వ్యసనంలో దింపిన మా పక్కింటి పెద్దాయనకు మీ మీద కోపం లేదు. విన్‌స్టన్-సేలంలో బోమన్ గ్రే మైదానం 1949 నుంచి, హికరీ ట్రాక్ 1951 నుంచి ఇదే ఆకాశం కింద నడుస్తున్నాయని, వాన పడిన రాత్రి నాకు పోయేది సాయంత్రమే అయినా ట్రాక్ యజమానికి వేయించిపెట్టిన చికెన్, తెప్పించిన అంబులెన్సు, పనివాళ్ల కూలి అన్నీ పోతాయని, ఆపైన మిమ్మల్ని గౌరవించి మరో వారం ఉచితంగా లోపలికి రానివ్వాలని ఆయన వాదన. అది విన్నాక యజమాని మీద కోపం పోయింది. మీ మీద పోలేదు. ఇద్దరినీ ముంచి మధ్యలో తడవకుండా ఉన్న మధ్యవర్తి మీరే కదా.

నిన్న సీజన్‌లో ఆఖరి రేసు. వాన సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. మీ వెనుక సన్నటి అక్షరాల్లో ‘ఈ సీజన్‌కు మాత్రమే’ అని ఉన్నది, అంటే కాలదోషం. నేను గేటు దగ్గర అదే మాట అడిగితే, పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని, మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి చూసి, సన్న అక్షరాలను కలంతో కొట్టేసి, పక్కన వచ్చే ఏడాది అంకె వేసి, పైన ముద్ర కొట్టింది. “ఏప్రిల్‌లో కలుద్దాం, గొడుగు తెచ్చుకో” అంది.

ఇట్లు,
20 డాలర్ల మేరకు మీ ఋణదాత