బల్లెం పట్టినవాళ్ల సంగతేంటి?

వ్యాసం బాగుంది. కానీ బ్రెజిల్ దక్షిణాన చక్రవర్తి ప్రభుత్వం మీద 1835 నుంచి 1845 దాకా సాగిన ఫరూపిల్యా తిరుగుబాటు గురించి రాస్తూ సగం, తిరుగుబాటుదారుల పక్షాన పోరాడిన ఇటలీ వీరుడు గరిబాల్డీకే ఇచ్చేశారు. నల్లజాతి బల్లెందళానికి ఒక్క వాక్యమేనా?

వాళ్లలో చాలామంది బానిసలు. "మా పక్షాన పోరాడితే విడుదల" అన్న మాట నమ్మి తిరుగుబాటు సైన్యంలో చేరారు. గుర్రం, పొడవాటి బల్లెం, వంటిమీద పోంచో (తల దూర్చి వేసుకునే దుప్పటి లాంటి బట్ట). జీను మీద పరిచే గొర్రెతోలే రాత్రికి పరుపు. దారిలో దొరికిన పశువును కోసి కాల్చుకుంటే అదే భోజనం. తమాషా ఏమిటంటే, ఈ తిరుగుబాటుకు ఒక పెద్ద కారణం ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం మీద పన్నులు. ఆ మాంసం ఎక్కువగా వెళ్లేది మిగతా బ్రెజిల్‌లో బానిసల కంచాల్లోకే! తిరుగుబాటు నాయకుడు బెంతో గొన్సాల్వెస్‌కీ బానిసలుండేవారు.

చివర్లో శాంతి చర్చలు వీళ్ల విడుదల దగ్గరే చిక్కుపడ్డాయి. తిరగబడ్డ దొరలకు క్షమాభిక్ష పెట్టడానికి చక్రవర్తి ప్రభుత్వానికి పెద్ద ఇబ్బంది లేదు, ఆయుధం పట్టిన బానిసను వదలడమే టెన్షన్. 1844 నవంబర్ 14న తెల్లవారుజామున పొరొంగోస్‌లో విడిదిచేసిన దళం మీద ప్రభుత్వ సేన విరుచుకుపడింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. సొంత సేనాని కనబారో ముందే ప్రభుత్వంతో కుమ్మక్కయ్యాడా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకైతే అతని మీద అనుమానమే. నాలుగు నెలలు తిరక్కుండానే, 1845 మార్చి 1న, సంధి కుదిరింది.

బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. ఆ తిరుగుబాటు జరిగిన రాష్ట్రం రియో గ్రాందె దో సుల్‌లో ఏటా సెప్టెంబర్ 20న దాని పేరిట సెలవు ఇస్తారు, గుర్రాల ఊరేగింపులు కూడా ఉంటాయి. రెండో భాగం రాస్తే పొరొంగోస్ నుంచి మొదలుపెట్టండి.