ఆ అయిదుగురిలో నలభై నాలుగోవాణ్ణి

మొన్న ఆదివారం పొద్దున్న శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే ఒక కుర్రాడు నా మొహం మీదే అనేశాడు: "మీకు కల్ట్ అర్థం కాదు మేస్టారూ."

నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. నాకు అర్థం కాదని చాలామంది చాలా విషయాల్లో అన్నారు. కూరగాయల బేరం దగ్గర మా ఆవిడ అంది, కేవైసీ కాగితాల దగ్గర బ్యాంకువాళ్ళు అన్నారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు, నిజమే కనక. ఈ కుర్రాడి సంగతి వేరు. వాడు కల్ట్ అన్నది శుక్రవారం వచ్చి ఆదివారానికల్లా రోజుకి రెండు ఆటలకి దిగిపోయిన సినిమాని. అదైనా పూర్తిగా చూసి అన్నాడా అంటే అదీ లేదు. ఇంటర్వెల్లో, మూత్రశాల వరసలో నిలబడి తేల్చేశాడు. ఆ వరసలో వాడి ముందు నిలబడ్డవాణ్ణి నేనే. ఎవరో చెప్పగా విని రాస్తున్నది కాదు.

ఒకప్పుడు ఒక సినిమా గొప్పదని ఒప్పుకోవడానికి ఊరికి కొంత కాలం పట్టేది. యాభై రోజుల పోస్టరు పడాలి, వంద రోజుల పోస్టరు పడాలి, దాని పాటలు పెళ్ళిబ్యాండు వాళ్ళకి రావాలి. ఇప్పుడు వంద రోజులు ఆగేవాడెవడు? నాలుగైదు వారాల్లో సినిమా ఫోన్లోకి వచ్చేస్తుంటే. అందుకని ఇంటర్వెల్లోనే తేల్చేసుకోవాలి. తొందరలో ఉన్నవాణ్ణి తప్పుపట్టకూడదు.

కల్ట్ అంటే ఏమిటో నేర్చుకుందామని ఆ టీకొట్టు దగ్గర అప్పటికే నెలరోజులుగా బుద్ధిగా కూర్చుంటున్నాను. నాకు తెలిసినంతలో డబ్బులొస్తే హిట్టు. రాకపోతే ఫట్టు. డబ్బులు రాకపోవడం జనం తప్పయితే అది కల్ట్. జనం అంటే మళ్ళీ మనం కాదు. మనం అప్పుడే చూశాం, అప్పుడే కనిపెట్టాం.

ఈ 'అప్పుడే చూశాం' దగ్గరే నాకు ఒళ్ళు మండేది.

2010 అక్టోబరులో 'ఖలేజా' వచ్చింది, నవంబరులో 'ఆరెంజ్' వచ్చింది. రెండూ హాళ్ళలో నిలబడలేదు. తరవాత టీవీలో వేసీ వేసీ, ఫోన్లలో ముక్కలు తిరిగీ తిరిగీ జనానికి ఎక్కాయి. 2023లో ఒకటి, 2025లో ఒకటి మళ్ళీ విడుదలయితే హాల్లో కుర్రాళ్ళు లేచి నిలబడి పాటలు పాడారు. దీనికి నాకు అభ్యంతరం ఏమీ లేదు. జనం మనసు మార్చుకుంటారు, ఓట్ల దగ్గర మార్చుకోవడం లేదూ? నా గొడవ జనంతో కాదు, ఆ అయిదుగురితో.

ఏ అయిదుగురని అడగక్కర్లేదు, మీ ఊళ్ళోనూ ఉంటారు. "మేస్టారూ, ఖలేజా మొదటి రిలీజులోనే చూశాను. రెండో వారం, మ్యాట్నీ. హాలు మొత్తం మీద అయిదుగురమే ఉన్నాం." ఈ మాట నాతో మొదట అన్నది ఒక లెక్చరరు. పాపం, నమ్మాను. తరవాత గ్యాస్ బండలు వేసే అబ్బాయి అన్నాడు. తరవాత కలెక్టరేట్లో పనిచేసే మా వీధి ఆయన. తరవాత 2010లో దుబాయ్‌లో ఉన్నాడని ఊరందరికీ తెలిసిన ఒకాయన. ఒక పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు కూడా అన్నాడు, పిల్ల తండ్రి వెంటనే "నేనూ ఉన్నాను బాబూ" అన్నాడు, సంబంధం కుదిరిపోయింది. ఇప్పటిదాకా ఆ అయిదుగురిలో నాకు తగిలినవాళ్ళు 43 మంది.

లెక్కల మేస్టారిని కదా, ఊరుకోలేకపోయాను. అయిదు సీట్లలో 43 మందిని కూర్చోబెట్టాలంటే సీటుకి ఎనిమిదిమంది, ముగ్గురు మిగులుతారు. ఆ ముగ్గురినీ మెట్ల మీద సర్దుదాం. ఇది ఒక్క శ్రీకాకుళం లెక్క. ఆమదాలవలస, నరసన్నపేట, పలాస కలిపితే ఆ రోజు మ్యాట్నీకి లాఠీచార్జి జరిగి ఉండాలి.

నాకు కల్ట్ అర్థం కాదన్న కుర్రాడూ వాళ్ళలో ఒకడే. ఇప్పుడు వాడికి 22 ఏళ్ళు. అంటే 2010లో ఏడేళ్ళు. వాళ్ళ నాన్న నా దగ్గర చదువుకున్నాడు కనక ఆ ఇంటి సంగతులు నాకు తెలుసు. ఆ వయసులో వీడికి ఎక్కాలు మూడో ఎక్కం దగ్గర ఆగిపోయాయి, 'ళ' పలకడం రాక 'ల' అనేవాడు. "డైలాగుల్లో డెప్త్ నాకు ఆ రోజే తెలిసిపోయింది మేస్టారూ" అంటాడు. తెలిసే ఉంటుంది. అమ్మ ఒళ్ళో కూర్చుని మురుకులు నములుతూ స్క్రీన్‌ప్లే గమనించి ఉంటాడు.

అసలు తమాషా ఏమిటంటే ఈ అయిదుగురిలో ఇద్దరు ఎదురుపడితే. ఆ ఆదివారమే పడ్డారు. మా కుర్రాడు అయిదుగురమే అన్నాడు. పక్కన బండి మీద కూర్చున్న మెడికల్ రెప్ తలెత్తి, "అయిదుగురా? నేను చూసిన ఆటకి నలుగురమే" అన్నాడు. మావాడి మొహం మాడిపోయింది. "మేం బాల్కనీలో చూశాం, కింద ఎంతమందో తెలీదు" అన్నాడు. "బాల్కనీ ఆ రోజు తెరవలేదు కదా?" "మాకోసం తెరిచారు." "ఎంతమందికి?" "ముగ్గురికి." ఈలోగా హెల్మెట్ పెట్టుకున్న మూడో మనిషి దిగాడు. టీ అయినా చెప్పకుండా, "మీరంతా రెండో వారం బ్యాచా? నేను మూడో వారం. నేనూ, ఆపరేటరూ" అన్నాడు. అంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. వేలంపాటలో అంకె పెరుగుతుంది, ఇక్కడ తరుగుతోంది, అంతే తేడా. మెడికల్ రెప్ బ్యాగు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆపరేటరు కూడా బొమ్మ వేసేసి బయటికి పోయాడు నేను చూసినప్పుడు" అన్నాడు.

అప్పుడు టీకొట్టు అప్ప అందుకుంది. "ఏటి బావూ, అందరూ అలగ ఒక్కొక్కరే సూస్తే ఆ హాలోడు ఏటి తిన్నాడు?"

ఎవరూ జవాబు చెప్పలేదు. హెల్మెట్ మనిషి బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుని వెళ్ళిపోయాడు.

ఈ సభలో వసూళ్ళ శాఖ అని ఇంకోటి ఉంది. నైజాంలో (సినిమావాళ్ళ లెక్కలో తెలంగాణ) ఎంత, సీడెడ్‌లో (రాయలసీమ) ఎంత, ఉత్తరాంధ్రలో షేర్ (పంపిణీదారు వాటా) ఎంత. నైజాం రాజ్యం 1948లో పోయింది. సీడెడ్ అంటే నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలు. నిజామూ లేడు, కంపెనీ కూడా లేదు, వాళ్ళ సరిహద్దుల్ని మాత్రం సినిమావాళ్ళు భద్రంగా కాపాడుతున్నారు. ఈ రెండు మాటలకీ రెండు మార్కుల జవాబు రాయలేనివాడు మూడో రోజు మధ్యాన్నానికి సీడెడ్ షేరు దశాంశంతో సహా చెబుతాడు. ఈ ఏడు జీడిపిక్కలు బస్తా ఎంతకి అమ్మారని వాళ్ళ నాన్న గురించి అడిగాను. "ఏమో మేస్టారూ, నాన్నకే తెలియాలి" అన్నాడు.

కథ గురించి అడిగితే చిన్నచూపు. "కథ పాతదే, ఎలివేషన్లు చూడండి." ఎలివేషన్లంటే హీరోని ఆకాశానికెత్తే సీన్లు. ఈ ఊళ్ళోనే కారా మేస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన కథ ప్రతిదీ ఒక్క కప్పు కింద ఉండాలని ఎక్కడెక్కడి పత్రికలో తెప్పించి, అరల్లో సర్దించారు. కథలంటే అక్కడ గుట్టలుగా ఉన్నాయి, రారా చూపిస్తాను అన్నాను. "అది ఏ ఓటీటీలో ఉంది?" అని అడిగాడు.

సరే, ఇదంతా కాలక్షేపం. రెండో టీ అయ్యాక మాట 'తండేల్' మీదికి పోయింది. 2025 ఫిబ్రవరిలో వచ్చింది కదా, మన మత్స్యకారుల కథతో. మావాడు ఫోన్ జేబులో పెట్టి తీర్పు చెప్పాడు. "పాటలు ఓకే. లవ్ ట్రాక్ ఓకే. జైలు సీన్లే ల్యాగ్ మేస్టారూ. ట్రిమ్ చేసి ఉంటే కల్ట్ అయ్యేది."

ల్యాగట. సాగదీతట.

ఇక్కడ బండెక్కితే సముద్రం ఎంత దూరం? కళింగపట్నం వెళ్ళి సెల్ఫీలు దిగుతావు కదా, ఆ సముద్రమే. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోటు కట్టుకోడానికి జెట్టీ లేక, ఆ ఒడ్డు ఊళ్ళవాళ్ళు దేశానికి ఆ చివర గుజరాత్‌లో వెరావల్ దాకా పోయి ఎవరి బోట్ల మీదో కూలికి వేటాడతారు. 2018 నవంబరులో అలా పోయినవాళ్ళని సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. వాళ్ళలో 20 మంది వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టింది 2020 జనవరిలో. పదమూడు నెలలు దాటింది. ఆ పదమూడు నెలలూ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కాగితాలు పట్టుకుని ఏ ఆఫీసు గుమ్మం ఎక్కాలో తెలియక తిరిగారు. దాన్ని ఎవడు ట్రిమ్ చేస్తాడురా? నువ్వు ఏసీ హాల్లో పాప్‌కార్న్ పట్టుకుని అరగంట కూర్చోలేకపోయావు. సినిమా బాగా తీశారా లేదా అన్నది వేరే మాట, బాగాలేకపోతే బాగాలేదను, ఏం బాగాలేదో చెప్పు, నేనూ కూర్చుని వింటాను. కానీ నీ పక్కూరి మనిషి జైల్లో ఉన్న కాలాన్ని ల్యాగ్ అన్నావు చూడు, నీకు ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాట రాదు కాబట్టి అన్నావు.

వాడు అంతటితో ఆగలేదు. "ఆ యాస కూడా కొంచెం ఓవర్ బ్రో" అన్నాడు మెడికల్ రెప్ వైపు తిరిగి. యాస ఓవరట! అదే నిమిషంలో ఫోన్ మోగింది. తీసి, "ఒస్తన్నానే అమ్మా, ఏటి నీ తొందర, నాను జెంక్షన్ కాడ ఉన్నాను" అన్నాడు. పెట్టేసి, మళ్ళీ "సో, ఏం చెప్తున్నా బ్రో" అని మొదలెట్టాడు.

అమ్మతో మాట్లాడే భాష తెరమీద వినిపిస్తే వీడికి ఎబ్బెట్టు. ఎందుకుండదు? ఇన్నేళ్ళూ సినిమాల్లో మన యాస ఎవరి నోట్లో పెట్టారు? పనిమనిషి నోట్లో, చెంపదెబ్బలు తినే నౌకరు నోట్లో, పట్నం వచ్చి తప్పిపోయే అమాయకుడి నోట్లో. ఆ మనిషి 'ఏటి బావూ' అనగానే హాలంతా నవ్వాలి, అదే జోకు. జనం మాట్లాడే భాషే రాయాలని పండితులతో జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ జిల్లా పర్వతాలపేటలోనే. అప్పటికి లిపి లేని సవరల భాషకి సైతం ఆయన వ్యాకరణం రాసిపెట్టాడు. ఆయన పుట్టినరోజున ఏటా బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేసి, దండలు వేసి, సాయంత్రం మన భాషని వెక్కిరించే సినిమాకి వెళ్ళి మనమే ఈలలు వేశాం. నేనూ వేశాను. ముందు వరసలో కూర్చుని మరీ వేశాను.

ఇదంతా నేను అక్కడ గట్టిగానే అన్నాననుకుంటాను. ఎందుకంటే అప్ప స్టవ్ మంట తగ్గించింది, అరటిపళ్ళ బండివాడు అమ్మకం ఆపి చూస్తున్నాడు. కుర్రాడు కాసేపు చెప్పు చివరతో నేల గీకాడు. తరవాత ఎంతో దయగా, పెద్దాయనకి బీపీ పెరుగుతుందన్న బెంగతో మాట మార్చాడు. "పోనీ లెండి మేస్టారూ. మీరు ఖలేజా చూశారా?"

చూశాను. అదే చెప్పాను. 2010లోనే చూశాను, హాల్లోనే. ఆ మధ్యాన్నం మా వీధిలో కరెంటు పోయింది, హాల్లో ఫ్యాన్లు తిరుగుతాయని వెళ్ళాను. ఇంటర్వెల్ దాకా మెలకువగా ఉన్నాను. ఆ తరవాత కథ ఏమయిందో తెలియదు. లేచేసరికి తుడిచేవాడు చీపురుతో నా కాళ్ళు తడుతున్నాడు. జనం ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టలేదు, ఒక్క ఆ రోజే లెక్కపెట్టలేదు.

మావాడు నన్ను ఎగాదిగా చూశాడు. మెడికల్ రెప్ వైపు చూశాడు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

"లేదు మేస్టారూ, మీరు పొరబడుతున్నారు" అన్నాడు. "ఆ రోజు ఉన్నది అయిదుగురమే కదా. అందరి మొహాలూ నాకు గుర్తే."