నీలి చుక్క గారికి గుణదల నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ఫోను మ్యాపులోని నీలి చుక్క గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. ఎక్కడ క్షేమమని మాత్రం అడగను. ఆ ఒక్క ప్రశ్నకే మీరు నిమిషానికో జవాబు చెప్తారు. ఉభయకుశలోపరి, అసలు విషయానికి వస్తాను.

మీరు తప్పు చెప్తారన్నది నా ఫిర్యాదు కాదు. తప్పు దారి చెప్పేవాళ్లు మా బెజవాడలో మీకంటే ముందే ఉన్నారు. బస్టాండు బయట ఎవరినైనా దారి అడగండి, తెలియదని చెప్పడం మర్యాద కాదనుకుని ఏదో ఒక దిక్కు చూపించే పంపుతారు. కాకపోతే ఆ పెద్దమనిషి చెయ్యి చాపే ముందు ఒకసారి తల గోక్కుంటాడు. "అటే అనుకుంటానండీ" అంటాడు. ఆ 'అనుకుంటానండీ' విని మనం జాగ్రత్తపడి, నాలుగడుగులు వేశాక ఇంకొకరిని అడుగుతాం. మీకు ఆ అలవాటు లేదు. కాలవ మధ్యలో నిలబడి కూడా నిగనిగలాడుతూ ఇదే మీ ఇల్లు అంటారు.

నిజానికి తల గోక్కోవడం మీకూ వచ్చు. మీ చుట్టూ ఒక లేత నీలం వలయం ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. అది అలంకారం కాదు, ఒప్పుకోలు పత్రం. "ఈ వలయం లోపల ఎక్కడో ఉన్నావు నాయనా, ఇంతకు మించి నాకు తెలియదు" అని దాని అర్థం. అనుమానం పెరిగితే వలయం పెరుగుతుంది. ఇంత నిజాయితీ ఉన్నవారు దాన్ని మా మే నెల ఎండలో కంటికి ఆనని రంగులో రాస్తారా? షరతులన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసే చిట్‌ఫండ్ కంపెనీ కూడా మీ దగ్గర పాఠం నేర్చుకోవాలి. పైగా దారి చూపించడం మొదలుపెట్టగానే ఆ కాస్త వలయాన్నీ దాచేసి బాణం అవతారం ఎత్తుతారు. బాణానికి అనుమానాలుండవు కదా.

మీ వైపు వాదన నాకు తెలియక కాదు. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను దాదాపు 5 మీటర్ల తేడాలో చోటు చెప్పగలదు. గోడలూ చెట్లూ అడ్డొస్తే పదో, ఇరవయ్యో, ఇంకా ఎక్కువో అవుతుంది. పొలాల మధ్య ఇరవై మీటర్ల తేడా వస్తే ఎవరికి నష్టం? కానీ మా ఊరు పొలం కాదండీ. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఊరిని చీల్చుకుంటూ పోతాయి. ఈ గట్టు మీదున్నవాణ్ని మీరు ఆ గట్టు మీద పెడితే మీ లెక్కలో తేడా కాలవ వెడల్పంతే. మా లెక్కలో అది వంతెన దాకా పోయి, ట్రాఫిక్కులో నిలబడి, అవతల దిగి, మళ్లీ వెనక్కి రావడం.

బిర్యానీ తెచ్చే కుర్రాడితో మా ఇంటి ముందు తరచూ నడిచే సంభాషణ ఒకటి వినండి.

"అన్నా, లొకేషన్‌కి వచ్చేశానన్నా. బయటికి రా."

"బయటే ఉన్నా తమ్ముడూ. నువ్వెక్కడ?"

"మీ ఇంటి ముందే అన్నా."

"మా ఇంటి ముందు నేనూ, ఒక గేదే ఉన్నాం."

"అదేందన్నా, మ్యాపులో నీ ఇంటి మీదే ఉన్నా."

"నీకు కాలవ కుడిచేతి పక్క ఉందా, ఎడంచేతి పక్కా?"

కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక నిట్టూర్పు. కాలవకు అవతలి గట్టు మీద చెయ్యి ఊపుతూ ఆ కుర్రాడు కనిపిస్తాడు. నేనూ చెయ్యి ఊపుతాను. మా ఇద్దరి మధ్య నీళ్లు, గుర్రపుడెక్క, మీరు. బిర్యానీ చల్లారిందని నేను బాధపడను, ఇంట్లో వేడి చేసుకుంటాను. కానీ ఆ అదనపు తిరుగుడుకు పెట్రోలు పోసేది మీరు కాదు, ఆ కుర్రాడు. ఆలస్యమైతే తక్కువ చుక్కలు పడేదీ అతనికే. మీకు మాత్రం ఎవరూ చుక్కలు వెయ్యరు, మీరే చుక్క.

ఇక బెంజి సర్కిల్. అక్కడ మీ అవస్థ చూస్తే జాలేస్తుంది. పైన ఫ్లైఓవర్లు, కింద రోడ్లు, పక్కన సర్వీసు రోడ్డు. మేము పైన పోతున్నామో కింద పోతున్నామో మీకు అంతుపట్టదు. దానికి కారణం ఉంది. మీ ఉపగ్రహాలన్నీ మా నెత్తి మీదే ఉంటాయి, కాళ్ల కింద భూమి అడ్డం కాబట్టి అటునుంచి ఒక్కటీ పలకదు. అందుకే అడ్డం కొలతకంటే ఎత్తు కొలత ఎక్కువ తప్పుతుంది. సరే, ఒప్పుకున్నాం. కానీ ఫ్లైఓవర్ నడినెత్తిన ఉండగా "ఎడమవైపు తిరగండి" అని మ్యాపులో దారి చెప్పే ఆవిడ చేత అంత ప్రశాంతంగా చెప్పిస్తారే, ఎడమవైపు పిట్టగోడ, దాని తర్వాత గాలి తప్ప ఏమీ లేవు.

దుర్గ ఫ్లైఓవర్ దగ్గర ఒక పక్క ఆకాశాన్ని ఇంద్రకీలాద్రి మింగేస్తుంది. అమ్మవారి కొండతో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. వన్‌టౌన్ సందుల్లో మాత్రం మీ మీద నాకు కోపం లేదు. ఉపగ్రహం నుంచి నేరుగా రావలసిన సంకేతం ఒక మేడకు తగిలి, ఎదురు షట్టరుకు తగిలి మీ చెవిన పడుతుంది. తిరిగొచ్చిన దూరాన్ని కూడా మీరు అసలు దూరంలో కలిపేసుకుని పక్క సందులోకి దూకుతారు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పుట్టి పెరిగినవాళ్లకే ఆ సందులు తికమకగా ఉంటాయి, మీరెంత.

మీ ఘనత కూడా చెప్పాలి, లేకపోతే పాపం. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు కనీసం నాలుగింటి మాట విని, ఒక్కో మాట ఎంతసేపట్లో వచ్చిందో లెక్కగట్టి చోటు చెప్తారు. ఆ లెక్కలో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే చాలు, 300 మీటర్ల తప్పు. ఐన్‌స్టీన్ సూత్రాల ప్రకారం అక్కడి గడియారాలు ఇక్కడివాటికంటే రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, దాన్ని కూడా సరిచేసుకుంటారు. ఇంత ఖచ్చితమైన కాలజ్ఞానాన్ని మీరు తెచ్చి ఎవరికి ఇస్తున్నారో తెలుసా? తువ్వాలు కట్టుకుని "బయల్దేరాను, ఐదు నిమిషాల్లో ఉంటా" అనే జనానికి. సాయంత్రం ఆరింటికని కార్డు వేసి ఎనిమిదింటికి మైకు టెస్టింగు చేసే ఊరికి.

అదేం చిత్రమో, అలాంటి సమయంలోనే మీరు తప్పరు. రామవరప్పాడు రింగు దాటేశానని ఇంట్లో చెప్పి లైవ్ లొకేషన్ ఆపడం మర్చిపోయినవాణ్ని, గవర్నర్‌పేటలో టిఫిన్ హోటల్ బల్ల ముందు మీటరు తేడా లేకుండా పట్టిస్తారు.

2000 మే వరకు అమెరికా వాళ్లు మామూలు జనానికి ఇచ్చే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి వదిలేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. క్లింటన్ ఆదేశంతో అది ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు నేరం అమెరికా మీద తోసే వీలు మీకు లేదు. మన శ్రీహరికోట నుంచి కూడా 2013 జులై 1న మొదలుపెట్టి ఇస్రో సొంత ఉపగ్రహాలు పంపింది, వాటి వ్యవస్థకే నావిక్ అని పేరు. మొదటి దానిలో అణు గడియారాలు మూడూ చెడిపోయాయి. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్లు తయారుచేసిన గడియారం పెట్టారు. అమెరికా, రష్యా, ఐరోపా, చైనా, మనమూ, ఇంతమంది ఉపగ్రహాల మాట వినగల ఫోను చేతిలో ఉండి కూడా మీరు గేదె ఎటున్నదో చెప్పలేకపోతే ఎవరితో చెప్పుకోవాలి?

మీకు జబ్బు చేసిందనగానే ఊరంతా డాక్టర్లే. ఒకాయన ఫోను పట్టుకుని గాల్లో ఎనిమిది అంకె చుట్టమన్నాడు. రోడ్డు పక్కన బండాపి అలా చుడుతుంటే పోయేవాళ్లు దిష్టి తీస్తున్నాడనుకున్నారు. తీరా చూస్తే ఆ మంత్రం దిక్సూచికి. మీరు ఏ దిక్కుకు చూస్తున్నారో అది సరిచేస్తుంది, ఎక్కడున్నారో కాదు. దిక్కు కూడా ఎందుకు తప్పిందంటే బండి హ్యాండిల్ మీద అయస్కాంతం ఉన్న హోల్డరు. అది తీసేస్తే ఎనిమిదీ అక్కర్లేదు, తొమ్మిదీ అక్కర్లేదు. రిపేరు షాపులో ఇంకొకాయన ఫోను తిరగేసి చూసి మదర్‌బోర్డు పోయిందన్నాడు. వాళ్లకు జలుబు చేసినా మదర్‌బోర్డే.

పనికొచ్చిన వైద్యం ఏదంటే, ముందు రెండు వేర్వేరు యాప్‌లలో మిమ్మల్ని చూడటం. ఒకదాంట్లోనే తప్పితే దోషం ఆ యాప్‌ది. దానికిచ్చిన అనుమతిలో 'ఖచ్చితమైన లొకేషన్' ఆపేసి ఉంటే మీరు ఉజ్జాయింపుగా చెప్తారు. ఆండ్రాయిడ్‌లో ఆ ఉజ్జాయింపు అంటే దాదాపు 3 చదరపు కిలోమీటర్లు. అంత జాగాలో ఆటో అతను నన్ను వెతకాలంటే టాంటాం వేయించాలి. అన్ని యాప్‌లలోనూ తప్పితే బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉందేమో చూడాలి. ఛార్జింగు తగ్గగానే అది మీ నోరు నొక్కేస్తుంది. ఆ తర్వాత విమానం గుర్తు ఒకసారి నొక్కి తీయడం, ఫోను ఆపి మళ్లీ వెయ్యడం. అప్పటికీ దారికి రాకపోతే మేడ మీదికి తీసుకెళ్లి ఆకాశం కింద కాసేపు ఊరికే ఉంచాలి. నెట్టు లేకపోతే ఇంకొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే ఉపగ్రహం చెప్పే సమాచారం సెకనుకు 50 బిట్ల చొప్పునే వస్తుంది. ఉపగ్రహాలన్నీ ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పే మొత్తం పట్టిక దిగడానికి పన్నెండున్నర నిమిషాలు. అందుకే ఫోను ఆ సమాచారాన్ని నెట్టులో ముందే తెప్పించుకుంటుంది. ఇవన్నీ చేసినా బాగుపడకపోతే, ముఖ్యంగా ఫోను కింద పడ్డాకో వెనక మూత మార్పించాకో మొదలైన జబ్బయితే, లోపల యాంటెన్నా సరిగ్గా అతకలేదేమో చూపించాలి.

ఒక్క జబ్బుకు మాత్రం ఎవరూ మందు చెప్పలేకపోయారు. మేము గుంటూరు బ్రాడీపేట నుంచి గుణదలకు ఇల్లు మారాం. సామానంతా దించి, వైఫై రూటర్ పెట్టాం. అంతే, హాల్లో కూర్చుంటే మీరు కృష్ణ దాటి, ముప్పై కిలోమీటర్ల పైచిలుకు వెనక్కి, బ్రాడీపేటలో పాత ఇంటి దగ్గర కూర్చున్నారు. "దాని మనసు ఇంకా అక్కడే ఉందిరా" అంది మా అమ్మ, ఆవిడ మనసు కూడా అక్కడే ఉంది కాబట్టి. సంగతేమిటంటే ఇంటి లోపల ఆకాశం కనపడక మీరు చుట్టుపక్కల వైఫై రూటర్ల గుర్తింపు సంఖ్యలు విని చోటు ఊహిస్తారు. మీ చిట్టాలో మా రూటర్ అడ్రసు ఇంకా గుంటూరే. బయటికొస్తే బెజవాడ, లోపలికెళ్తే గుంటూరు. ఇంత చవకగా రోజూ ప్రయాణం ఎవరికి దొరుకుతుంది? వరండాలో లొకేషన్ పెట్టుకుని తిరగ్గా తిరగ్గా ఆ చిట్టా దానంతటదే సర్దుకుంది.

ఆ బ్రాడీపేటలో మీ అవసరమే ఉండేది కాదు. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. రెండంకెలు చెప్తే రిక్షా గుమ్మం ముందు ఆగేది, ఉపగ్రహం ఊసే లేదు. కాకపోతే పేట పేరు కూడా చెప్పాలి. రైలు పట్టాలకు అవతల అరండల్‌పేటలోనూ అవే అంకెలు. పేట మర్చిపోతే ఎవరో తెలియని వాళ్లింట్లో కాఫీ తాగి రావాలి. అదీ మంచి కాఫీయే.

కాబట్టి తమరికి నా విన్నపాలు రెండే. ఆ వలయానికి కాస్త ముదురు రంగు పులమండి, ఎండలోనూ కనపడాలి. వలయం పెద్దదైనప్పుడు మీ ఆవిడ చేత "రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి, అనుకుంటానండీ" అనిపించండి. ఆ రెండో మాట చాలు, మిగతాది మేము చూసుకుంటాం.

జవాబు స్వయంగా తెచ్చివ్వాలనుకుంటే గుణదల కాలవ కట్ట మీద వేపచెట్టు దాటాక ఇస్త్రీ బండి ఉంటుంది. ఏ గట్టో ముందు ఆ ఇస్త్రీ ఆయన్ని అడగండి.

ఇట్లు,
అవతలి గట్టు మీద ఉన్నవాడు