"తర్వాత క్రాప్ చేద్దాంలే" అనేవాళ్లతో నా పేచీ

పనోరమా ఫోటోల గురించి, అంటే ఎత్తు తక్కువగా, అడ్డంగా బాగా పొడవుగా ఉండేవాటి గురించి మాటొస్తే చాలు, ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "వైడ్ లెన్స్ పెట్టి తీసెయ్ అన్నా, పైనా కిందా తర్వాత కోసేసుకోవచ్చు." లెక్క ప్రకారం ఈ మాటలో తప్పు లేదు. నాకు ఒళ్లు మండేది కూడా అందుకే. లెక్కలో దొరకరు, ఫోటోలో దొరికిపోతారు.

ముందు వాళ్ల వైపు న్యాయం చెప్పేస్తాను. కెమెరా పిచ్చి ఉన్నవాళ్లందరూ దండం పెట్టే ఎక్స్‌పాన్ అనే ఫిల్మ్ కెమెరా ఉంది కదా. 1998లో హాసెల్‌బ్లాడ్ పేరుతో వచ్చింది, తయారీ మాత్రం ఫ్యూజీది. మామూలు 35 ఎంఎం రీలు మీదే 36 మి.మీ. బదులు 65 మి.మీ. వెడల్పు ఫ్రేము పడుతుంది, ఎత్తు మాత్రం అదే 24. దాని 45 ఎంఎం లెన్సుకి అడ్డంగా దాదాపు 72 డిగ్రీల మేర కనిపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి, అంటే సెన్సర్ ఆ మామూలు 36 × 24 రీలు ఫ్రేమంత ఉండే డిజిటల్ కెమెరాకి, 25 ఎంఎం లెన్స్ పెట్టినా అంతే కనిపిస్తుంది. ఒకే చోట నిలబడి రెండింటితో తీసి, రెండోదాన్ని 65:24కి కోస్తే రెండు ఫోటోల్లోనూ ప్రతి చెట్టూ ప్రతి స్తంభమూ ఒకే చోట ఉంటాయి. పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరవీ దూరంవీ ఒకదాని పక్కన ఒకటి ఎలా కనిపిస్తాయన్నది, మనం నిలబడిన చోటును బట్టి వస్తుంది, ఫిల్ము వెడల్పును బట్టి కాదు. ఎక్స్‌పాన్ లెన్సులో ఏదో మాయ ఉందనుకుని లక్షలు పోయడానికి సిద్ధపడేవాళ్లకి ఈ ఒక్క లెక్క చాలు.

కోస్తే పోయేది పిక్సెళ్లు. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే 6000 × 4000 ఫోటో 65:24 దగ్గర 6000 × 2215 అవుతుంది. పదమూడు చిల్లర మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఫోన్‌లో చూసుకోవడానికైతే బోలెడు, గోడకి ఒక మోస్తరు ప్రింటుకీ ఢోకా లేదు. కాబట్టి క్వాలిటీ పోతుందని నేను కొట్లాడను. నా గొడవ వేరే.

క్లిక్ కొట్టేటప్పుడు కళ్ల ముందు ఏ ఫ్రేము ఉందో, మనిషి బుర్ర దానికే పనిచేస్తుంది. మామూలు కెమెరా చూపించే 3:2 ఫ్రేము చూస్తున్నవాడు 3:2 ఫోటోనే కడతాడు, అందులో నుంచి పొడవాటి ముక్క కోసినా అది 3:2 ఫోటో ముక్కే. నమ్మకపోతే రాజమండ్రి పుష్కర ఘాట్‌కి రండి, సాయంత్రం పూట. అవతల కొవ్వూరు వైపు పొద్దు దిగుతుంటుంది. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన రాతి స్తంభాలు ఉన్నాయి. దాని తర్వాత వచ్చిన ఆర్చ్ బ్రిడ్జి కమానులు వరసగా ఉన్నాయి. పనోరమాకి ఇంతకన్నా మంచి చోటు వెతుక్కోనక్కర్లేదు. అయినా అక్కడ తీసిన పొడవాటి ఫోటోల్లో ఎక్కువ శాతం చూడగానే తెలిసిపోతాయి, కోసినవని. సూర్యుడు నట్టనడుమ ఉంటాడు. వంతెన ఒక వైపు నుంచి వచ్చి వెళ్తుంది. రెండో వైపు మూడో వంతు ఊరికే నీళ్లు. ఖాళీ నీళ్లు ఉండకూడదని కాదు. ఉంచాలని ఎవరూ అనుకోకుండా అవి అక్కడ ఉన్నాయి, అదీ బాధ. తీసినవాడికి అప్పుడు కనిపించింది ఎర్రటి ఆకాశం, దాని నీడ, ముందున్న మెట్లు. ఇంటికొచ్చి ఆకాశాన్నీ మెట్లనూ తీసి పారేశాక మిగిలింది ఇది.

అదే చోట ముందు నుంచే పొడవాటి ఫ్రేములో చూస్తున్నవాడికి మొదటి నిమిషంలోనే ఒక సంగతి అర్థమవుతుంది. అంత వెడల్పును సూర్యుడు ఒక్కడూ మోయలేడు, పిసరంత చుక్క అయిపోతాడు. దాంతో కన్ను అంచులకి పోతుంది. వంతెన కుడి అంచు నుంచి బయటికి పోతోంది సరే, ఎడమ అంచున ఏముంది? పడవ ఉందా? అది వంతెన వైపు వస్తోందా, ఫ్రేములోంచి బయటికి పోతోందా? రైలొస్తే ఎన్ని కమానుల మేర ఉండాలి? ఇంజిను ఏ కమాను దాటాక కొట్టాలి? ఇవి తర్వాత కంప్యూటర్ దగ్గర తేల్చుకునే సంగతులు కావు. రైలు మీకోసం వెనక్కి రాదు.

ఇంకా చిన్న విషయం ఒకటి. నడుముల్లోతు నీళ్లలో ఒకాయన సంధ్య వార్చుకుంటున్నాడనుకోండి. మీరు పై మెట్టు మీద నిలబడితే ఆయన తల నీళ్ల మధ్యలోనే ఉంటుంది. నాలుగు మెట్లు దిగితే తల పైకి లేచి అవతలి గట్టు గీతకి తగులుతుంది, ఇంకా దిగితే దాన్ని దాటి ఆకాశంలోకి వస్తుంది. పూర్తి ఫ్రేములో ఈ తేడా ఎవరి కంటికీ ఆనదు, ఆకాశం అంత ఉంది మరి. సన్నటి ఫ్రేములో మొత్తం ఎత్తే కొంచెం కాబట్టి, తలకీ గట్టుకీ మధ్య ఆ వేలెడు జాగా ఉందా లేదా అన్నదే ఫోటోని నిలబెడుతుంది లేదా పడగొడుతుంది. పొడవాటి ఫ్రేములో చూస్తేనే మెట్లు దిగాలన్న ఆలోచన వస్తుంది. క్రాప్ టూల్‌కి మెట్లు దిగడం రాదు.

సరే, క్రాప్ అంటేనే మహాపాపం అనే బ్యాచ్ ఇంకొకటి ఉంది. వాళ్లతోనూ నాకు పడదు. కోయని ఫోటోకి దేవుడిలా చెప్పుకునే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియర్-బ్రెసాన్, 1932లో పారిస్‌లో సెంట్ లజార్ స్టేషన్ వెనక నీటిగుంట మీదుగా ఎగిరే మనిషిని తీసిన ఫోటోని కోసే ప్రింటు వేయించారు. కంచె సందులోంచి తీయడంతో ఎడమ పక్క అడ్డొచ్చింది, తీసేశారు. అదేమన్నా తక్కువ ఫోటో అయిందా? ఆయనకి ఏం తీస్తున్నారో తీసేటప్పుడే తెలుసు. కోసింది అడ్డాన్ని, ఆలోచనని కాదు.

కోయడంలో ఉన్న ఒక నిజమైన సుఖం కూడా ఈ బ్యాచ్ ఒప్పుకోరు. కెమెరాని నేలకి సమానంగా పట్టుకుని తీస్తే హొరైజన్ ఫ్రేము నడిమధ్యకి వచ్చి పడుతుంది. ఎక్స్‌పాన్‌తో దాన్ని కిందికి జరపాలంటే కెమెరాని పైకెత్తాలి, ఎత్తగానే గోపురాలూ బిల్డింగులూ వెనక్కి వాలిపోతాయి. పూర్తి ఫ్రేములో సమానంగా పట్టుకుని తీసి, పై భాగం ఎక్కువ ఉంచి కింద కోసేస్తే కెమెరాని ఎత్తకుండా లెన్సునే పైకి జరిపే ఖరీదైన షిఫ్ట్ లెన్స్ చేసే పనే జరుగుతుంది. గీతలు నిటారుగానే ఉంటాయి. గోల్కొండ గోడలైనా చార్మినార్ వీధులైనా నేనూ ఇలాగే తీస్తాను. అయితే గమనించండి, ఇది పనిచేయాలంటే కెమెరాని వంచకుండా పట్టుకోవాలని ముందే తెలిసుండాలి. "తర్వాత చూద్దాం" బాపతువాడు, మెట్లు బాగున్నాయని కెమెరా కిందికి వంచి తీస్తాడు, తర్వాత మెట్లు కోసేస్తాడు. వంగిన స్తంభాలు మాత్రం ఫోటోలోనే ఉండిపోతాయి.

కంపెనీలు కూడా ఈ విషయంలో మనల్ని బాగానే ఆడించాయి. తొంభైల్లో కొన్ని చిన్న ఫిల్మ్ కెమెరాలకి "పనోరమా" అని ఒక స్విచ్ ఉండేది. నొక్కితే రీలు ముందు పైనొకటి, కిందొకటి నల్ల రేకులు వచ్చేవి. 24 మి.మీ. ఎత్తులో 13 మాత్రమే ఎక్స్‌పోజ్ అయ్యేది, మిగతా ఫిల్ము దండగ. కొత్తగా ఒక్క అంగుళం కూడా ఎక్కువ కనిపించదు. 1996లో వచ్చిన ఏపీఎస్ అనే కొత్త రకం చిన్న రీలు కాస్త నయం, ఫ్రేము మొత్తం తీసి, ప్రింటులో 3:1కి కోయమని గుర్తు పెట్టేది. ఎక్స్‌పాన్ మీద జనానికి అంత మోజు పుట్టింది వీటితో విసిగిపోయే అనుకుంటాను. అది రేకులు అడ్డం పెట్టదు, నిజంగానే ఎక్కువ రీలు తింటుంది. 36 ఫోటోల రీల్లో పొడవాటివి 21 వస్తాయి. మీడియం ఫార్మాట్ వాళ్ల సంగతైతే ఇంకా ఘోరం, 6×17 సెం.మీ. ఫ్రేము కెమెరాలో ఒక 120 రోల్‌కి (వెడల్పాటి ఫిల్ముకి) నాలుగే నాలుగు ఫోటోలు. నాలుగే ఉన్నాయంటే ఎవడైనా నిలబడి చూస్తాడు.

ఇప్పుడు అసలు పాయింటుకి వస్తాను. ఇదంతా ఎక్స్‌పాన్ కొనలేని వాళ్ల ఏడుపు అనుకునేవాళ్లకి చెప్తున్నా, మన ఇళ్లల్లో ప్రతి బీరువాలోనూ పనోరమాలు ఉన్నాయి. పెళ్లి ఆల్బమ్ తెరవండి. కరిజ్మా ఆల్బమ్ అంటాం కదా, ఎక్కువగా పన్నెండు-ముప్పయ్యారు షీట్. 36 అంగుళాల వెడల్పు, 12 ఎత్తు, సరిగ్గా 3:1. ఎక్స్‌పాన్ కన్నా సన్నం! కెమెరా ఇచ్చేది 3:2. అంటే ఒకే ఫోటోని షీటంతా పరవాలంటే సగానికి సగం కోసేయాలి. 24 మెగాపిక్సెళ్లలో 12 మిగులుతాయి, 36 అంగుళాలకి 6000 పిక్సెళ్లు పరిస్తే అంగుళానికి 167. ప్రింటుకి 300 కావాలంటే 10,800 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి. డిజైనర్ సాగదీస్తాడు, మనం అద్దాలు పెట్టుకుని చూడం కాబట్టి నడిచిపోతుంది.

నడవనిది గ్రూప్ ఫోటో. మా చుట్టాల పెళ్లి ఆల్బమ్ ఒకటి చూశాను. స్టేజీ మీద నలభై మంది, నాలుగు వరసలు. కింద పిల్లలు, తర్వాత కుర్చీల్లో పెద్దవాళ్లు, వెనక నిలబడ్డవాళ్లు, వాళ్ల వెనక కుర్చీలెక్కిన కుర్రాళ్లు. ఈ నాలుగు వరసలూ కెమెరా ఫ్రేములో సగం కన్నా ఎక్కువ ఎత్తు తినేశాయి. షీటులో సగమే పడుతుంది. ఏం చేస్తాడు? కింద పిల్లల్ని మెడ దాకా ఉంచాడు, పైన కుర్రాళ్లని కనుబొమల దగ్గర ఆపేశాడు. షీటు మధ్య మడత సరిగ్గా మా పెద్దమ్మ ముక్కు మీదుగా పోయింది. స్టూడియో అబ్బాయిని అడిగితే, "షీట్ సైజుకి రాలేదండీ, అడ్జస్ట్ చేశాం" అన్నాడు. చాలా మర్యాదగానే చెప్పాడు. పెద్దమ్మ మాత్రం ఆ పేజీ వచ్చినప్పుడల్లా గబుక్కున తిప్పేస్తుంది.

అబ్బాయీ, షీట్ సైజు నీకు అడ్వాన్స్ తీసుకున్న రోజే తెలుసు కదా! పొడవాటి షీటులో పడాల్సిన గ్రూపుని నాలుగు వరసల్లో పేర్చడం ఏంటి? రెండే వరసలు పెట్టు, స్టేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచెయ్. ఆ డెకరేషన్‌కి అన్ని డబ్బులు పోసింది కూడా కనబడాలనే. అంత వెడల్పుకి దగ్గర నుంచి 24 ఎంఎం పెడితే చివర్లలో నిలబడ్డ బావగారి మొహం కోడిగుడ్డులా సాగుతుంది, కాబట్టి వెనక్కి వెళ్లి 50 పెట్టు. వెనక్కి వెళ్లాలంటే ముందు వరస కుర్చీలు జరపాలి, వీడియో వాళ్ల లైటు పక్కకి తీయించాలి, భోజనాలకి లేచినవాళ్లని ఒక్క నిమిషం ఆపాలి. కష్టమే. కానీ ఇవన్నీ క్లిక్కు ముందు చేసే పనులు, ఫోటోషాప్‌లో ఏ మెనూలోనూ లేవు. మధ్యలో మడత దగ్గర ఒక జానెడు సందు వదలాలి. ఆ సందు పెళ్లికొడుకూ పెళ్లికూతురు మధ్య పడితే అమ్మమ్మలు ఊరుకోరు, అందుకని జంటనే కాస్త ఒక పేజీకి జరపాలి. మంచి ఫోటోగ్రాఫర్లు ఇవన్నీ నోరెత్తకుండా చేసుకుపోతారు. అలాంటివాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు, నా కోపం వాళ్ల మీద కాదు.

ఫోన్ పనోరమా సంగతి రెండు ముక్కల్లో. అది కోయడమూ కాదు, ఫ్రేము కట్టడమూ కాదు. ఫోన్ తిప్పుతూ పోతుంటే సన్నసన్న ముక్కలు తీసి అతికిస్తుంది. అందుకే తిన్నగా ఉన్న స్టేజీ అంచు విల్లులా వంగుతుంది, మధ్యలో నడిచెళ్లిన పిల్లాడికి కాలు ఒకటే మిగులుతుంది. వందేళ్ల కిందట సర్కట్ అనే తిరుగుడు కెమెరాతో గ్రూపులు తీసేటప్పుడు జనాన్ని కెమెరా చుట్టూ వంపుగా నిలబెట్టేవారు, ఫోటోలో వరస తిన్నగా రావడానికి. ఫోన్‌తో తీసినా అదే చిట్కా పనిచేస్తుంది. కదలని కొండల్ని, గండికోట లోయ లాంటివాటిని నిలువు ఫ్రేములు వరసగా తీసి కంప్యూటర్‌లో అతికించడం వేరే విద్య. దానికి నేను వ్యతిరేకం కాదు. అక్కడ కూడా ఎడమ చివర ఎక్కడ మొదలెట్టాలి, కుడి చివర ఎక్కడ ఆపాలి అన్నది ట్రైపాడ్ బిగించక ముందే తేల్చుకోవాలి. ఒక్కో ఫ్రేముకి ఎక్స్‌పోజర్ మారకుండా లాక్ చేయకపోతే ఆకాశం చారలు చారలుగా వస్తుంది.

మరి ఎక్స్‌పాన్ లేనివాళ్లు ఏం చేయాలి? ఫ్యూజీ జీఎఫ్ఎక్స్‌లోనూ కొన్ని ల్యూమిక్స్ ఎస్ కెమెరాల్లోనూ మెనూలో 65:24 ఉంది. పెట్టుకుంటే తెర మీద పొడవాటి ఫ్రేమే కనిపిస్తుంది, కెమెరా చూసినదంతా దాచే రా ఫైల్‌లో మొత్తం ఫ్రేము భద్రంగా ఉంటుంది. తర్వాత కాస్త పైకో కిందికో జరుపుకోవచ్చు. మీ కెమెరాలో ఆ ఆప్షన్ లేదా? ఎలక్ట్రికల్ షాపులో నల్ల ఇన్సులేషన్ టేపు కొని తెరకి పైనా కిందా అతికించండి. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, ఫ్రెండ్స్ నవ్వుతారు, పని మాత్రం చేస్తుంది. కోసేది ఎలాగూ తర్వాతే, దానికి నాకేం అభ్యంతరం లేదు. కంటికి మాత్రం ముందే కోసి చూపించండి.

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకి ఒక మాట. ఫోటోగ్రాఫర్‌తో బేరం కుదిరేటప్పుడు డ్రోన్ ఉందా, ఎల్ఈడీ వాల్ ఎన్ని అడుగులు అని అడుగుతారు కదా, దాంతోపాటు ఇదీ అడగండి: "ఫ్యామిలీ గ్రూప్ ఫోటో ఏ సైజు షీటులో వస్తుంది, మడత ఎక్కడ పడుతుంది?" ఆయన వెంటనే వరసల గురించో, కుర్చీలు జరపడం గురించో మాట్లాడితే అడ్వాన్స్ ఇచ్చేయండి. "అదంతా డిజైనింగ్‌లో చూసుకుంటామండీ" అంటే మాత్రం, మీ పెద్దమ్మని మడతకి దూరంగా నిలబెట్టుకునే బాధ్యత మీదే.