గుర్రం కంబళి లేని జిల్లా

విజయనగరం జిల్లాలో ప్రస్తుతం ఒక తీవ్రమైన కొరత ఉంది. తాగునీటి సంగతీ రోడ్ల సంగతీ కాదు, వాటికి మనం ఎప్పుడో అలవాటు పడ్డాం. గుర్రం వీపున కప్పగా దాని చెమటకు తడిసి, ఎండి, మళ్ళీ తడిసిన కంబళి ఒక్కటంటే ఒక్కటి జిల్లాలో దొరకడం లేదు. అది దొరక్క మా ఇంట్లో ఒక సీసా బీరు సగంలో ఆగిపోయింది. సంబంధిత అధికారులు దయచేసి గమనించాలి.

మా మేనల్లుడికి బెంగళూరులో ఉద్యోగం. కంపెనీ పని మీద బ్రస్సెల్స్ వెళ్ళి వస్తూ ముప్పాతిక లీటరు సీసా ఒకటి తెచ్చాడు. దానికి రేకు మూత లేదు. బిరడా కొట్టి, అది ఎగిరిపోకుండా తీగతో కట్టి పెట్టారు. "మావయ్యా, ఇది తాగేది కాదు, రుచి చూసేది" అని ముందే హెచ్చరించాడు. ఫార్మ్‌హౌస్ ఏల్ అనే రకం బీరు. ఆ మాట చెవిన పడగానే మా బావగారు, అంటే వాడి తండ్రి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర నుంచి ఆయన ఫాంహౌస్ అనే మాట వింటే చాలు, సెంటు ఎంత అని అడుగుతారు. మన దగ్గర ఫాంహౌస్ అంటే ఒక గేటు, ఒక కాపలాదారు, నాలుగు కొబ్బరి మొక్కలు. వ్యవసాయం ఒక్కటే ఉండదు.

బెల్జియంలో ఆ మాటకు ఇంకా పాత అర్థమే ఉందట. అక్కడి వలోనియా ప్రాంతంలో, ఎనో అనే జిల్లాలో రైతులు చలికాలంలో ఈ బీరు కాచి దాచేవారు. వేసవిలో పొలం పనులకు వచ్చే కూలీల దాహం దీనితోనే తీరేదని అక్కడివారు చెప్పుకుంటారు. దీన్ని సేజన్ అని కూడా అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు కారు, రుతువు అని అర్థం. కారు కారుకీ పని వెతుక్కుంటూ పోయే కూలీల గురించి శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. తేడా అల్లా, ఇప్పుడు ఆ సీసాకు దుకాణంలో పెట్టే డబ్బుతో ఒక ఊడ్పు కూలీకి కొన్ని రోజులు గడుస్తాయి. బీరు పొలంలోంచి నడిచి పట్నం చేరింది, కూలీ దారిలో ఎక్కడో తప్పిపోయాడు.

ఇక అసలు విశేషం, అందులోని అడవి ఈస్ట్, అంటే ఎవరూ పెంచకుండా గాలికి తిరిగే, పులియబెట్టే సూక్ష్మజీవి. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచి చూపించాడు. దానితో గాలివాటుగా వచ్చి పడే ఈస్ట్‌లను బీరు శాలల నుంచి వెళ్ళగొట్టడం సాధ్యమైంది. 1904లో అదే కంపెనీలో పనిచేసిన క్లాసెన్, ఇంగ్లండు బీర్లలో కనబడిన ఒక ఈస్ట్‌కు బ్రెట్టనోమైసిస్ అని పేరు పెట్టాడు. గ్రీకు మాటలు విప్పి చూస్తే 'బ్రిటన్ బూజు' అని తేలుతుంది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయి ఇన్నేళ్ళయ్యాక వాళ్ళ బూజు సీసాలో కూర్చుని విజయనగరం వచ్చిందన్నమాట. నూరేళ్ళపాటు బీరు కాచేవాళ్ళు చాలామంది దీన్ని చూస్తే భయపడ్డారు, పీపాలు కడిగించారు. ఇప్పుడు అదే బూజును డబ్బిచ్చి తెప్పించుకుంటున్నారు. ఊళ్ళోంచి తరిమేసినవాడు పట్నంలో పెద్దమనిషై తిరిగొస్తే బాజాలతో ఎదురెళ్ళే ఆచారం మనకే ఉందనుకున్నాను.

ఈ ఈస్ట్ ఓక్ పీపాల చెక్క సందుల్లో కాపురం పెడుతుంది. మామూలు ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలను తీరిగ్గా కూర్చుని తింటుంది. తొందర దాని నైజం కాదు. మా సీసాలోని సరుకు పద్దెనిమిది నెలలు పీపాలో ఉంది. ఆ కాలంలో చెక్కలోంచి కొంత ఆవిరైపోతుంది, దాన్ని 'దేవతల వాటా' అంటారని మేనల్లుడు భక్తిగా చెప్పాడు. పొలం గట్టు తొక్కకుండా పంటలో వాటా పట్టుకుపోయేవారిని మేమూ ఎరుగుదుం. వారిని దేవతలనడం మాత్రం మాకు తోచలేదు.

"అయితే ఇది కల్లులాంటిదేనా?" అని బావగారు అడిగారు. మేనల్లుడి ముఖం ముడుచుకుపోయింది. నిజానికి ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తాటిచెట్టు మీద లొట్టి కట్టి దిగిన గీత కార్మికుడు అందులో ఈస్ట్ వేయడు. గాలిలో ఉన్నదీ, పాత లొట్టికి పట్టుకుని ఉన్నదీ ఆ పని చూసుకుంటాయి. అయితే కల్లు వయసును గంటల్లో లెక్కపెడతారు. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి చురుక్కుమంటుంది, మర్నాటికి పచ్చళ్ళలోకి పనికొస్తుంది. పద్దెనిమిది గంటల్లో అయిపోయే కథను పద్దెనిమిది నెలలు సాగదీయగలిగితే దానికి బిరడా కొట్టవచ్చు. కల్లు పాక ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే బావగారు ఆ రోజు అందరికంటే ముందు గ్లాసు చాపారు. ఈ విషయం మా అక్కయ్యకు తెలియదు, మీరూ చెప్పకండి.

మేనల్లుడు తులిప్ పువ్వు ఆకారం గ్లాసు కావాలన్నాడు. ఇంట్లో స్టీలు గ్లాసులున్నాయి. పోశాడు, తిప్పాడు, ముక్కు లోపల పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మేం ముగ్గురం, నేనూ బావగారూ మా అమ్మా, మంగళహారతి సమయంలోలా నిశ్శబ్దంగా నిలబడ్డాం. చివరికి కళ్ళు తెరిచి "గుర్రం కంబళి" అన్నాడు.

ఆ వాసన 4-ఇథైల్‌ఫినాల్ అనే పదార్థం వల్ల వస్తుందట. బ్రెట్టనోమైసిస్ దాన్ని తయారుచేస్తుంది. రుచి చూసే పండితులు దాన్ని గుర్రం కంబళి అనీ, పశువుల కొట్టం అనీ, పాత తోలు అనీ రాసుకుంటారు. "నువ్వు గుర్రం కంబళి ఎప్పుడు వాసన చూశావురా?" అని అడిగాను. వాడు ఎన్నడూ చూడలేదు. బెంగళూరులో వాడికి నేర్పినవాడూ చూసి ఉండడు.

అసలు బాధ ఇక్కడే ఉంది. 1919లో సంగీత కళాశాల తెరిచి, ఆదిభట్ల నారాయణదాసును ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టుకున్న ఊరు ఇది. శ్రుతి వెంట్రుకవాసి తప్పితే ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. చెవికి అంత చదువు చెప్పించినవాళ్ళం ముక్కును బడికే పంపలేదు. పంపి ఉంటే పరాయివాడి గుర్రాన్ని అరువు తెచ్చుకునే గతి పట్టేది కాదు. సరుకు మనకు లేకనా? గోగు కట్టలు ఊరబెట్టిన చెరువు గట్టున ఒక్కసారి బస్సు ఆగితే చాలు, ఆ వాసనలో ఎన్ని అరలున్నాయో పండితులు పుస్తకాలు నింపవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఉద్దానం జీడితోటల కింద రాలి, పగిలి, పులిసే జీడిమామిడి పండ్లున్నాయి. మేనల్లుడు రెండో గుక్కకు 'ఉష్ణమండల ఫలం' అన్నది అదే. మూడో గుక్కకు 'తడిసిన ఎండుగడ్డి' అన్నాడు. ఆ వాసన శ్రీకాకుళం జిల్లా మొత్తం 2018 అక్టోబరులో, తిత్లీ తుపాను మర్నాడు, ఖర్చు లేకుండా చూసింది. ఖర్చు తరవాత తెలిసింది.

మా అమ్మకు ఎనభై దాటాయి. గ్లాసు అందుకుని దూరం నుంచే వాసన చూసింది.

"ఎన్నాళ్ళు పులిసిందిరా?"

"పద్దెనిమిది నెలలు, అమ్మమ్మా."

"అన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ లేరా?"

మేనల్లుడు పీపాల గురించి, సహనం గురించి, గాలిలోని సూక్ష్మజీవుల గురించి చెప్పాడు. ఆవిడ అంతా విని, "తరవాణి మూడో నాటికే మాట వింటుంది. దీనికి ఏడాదిన్నర పట్టిందంటే తోడు మంచిది కాదు" అని గ్లాసు కింద పెట్టింది. తోడు చెడ్డదన్న విమర్శ ఏ యూరోపు పత్రికలోనూ ఇంతవరకు రాలేదని వాడు ఒప్పుకున్నాడు, ఫోనులో రాసుకున్నాడు కూడా.

నా మట్టుకు నాకు అది బాగానే ఉంది. పుల్లగా, కొంచెం వగరుగా, చివర్న పాత బీరువా తెరిచినట్టుగా ఉంది. ఆ మాట పైకి అనలేదు. బీరువా వాసన పండితుల జాబితాలో లేదట.

మిగిలిన సగానికి మళ్ళీ బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టాం. గుర్రం కంబళి సంగతి తేల్చుకోకుండా ముందుకు వెళ్ళడం శాస్త్రీయం కాదని మేనల్లుడి పట్టుదల. ఒకప్పుడైతే స్టేషను దగ్గర జట్కావాణ్ణి అడిగితే సరిపోయేది. ఇప్పుడు ఆటోలున్నాయి, వాటికి కంబళి కప్పరు. ఎట్టకేలకు పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చే ఆయన ఒకడు దొరికాడు. వాసన చూడటానికి ఎంత తీసుకుంటావని అడిగితే, కాసేపు ఆలోచించి, ముహూర్తాల రోజుల్లో గుర్రానికి ఖాళీ ఉండదు, ఆషాఢంలో రండి, అప్పుడు కంబళి కూడా ఉతకను అన్నాడు. మేనల్లుడు సెలవు పెట్టుకున్నాడు.