వైన్స్‌లో వైన్ లేదు

ఒంగోలులో ఏ రోడ్డు మీద నడిచినా ఎక్కడో ఒకచోట ‘వైన్స్’ అని బోర్డు కనబడుతుంది. లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అది చూసి వైన్ కోసం పోయిన వెర్రిదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నేనేమో.

మే నెలలో ఒక శనివారం మా ఆయన్ని స్కూటర్ వెనక ఎక్కించుకుని (మోకాళ్ళ నొప్పులు ఆయనవి, స్కూటర్ నాది) అట్టాంటి ఒక షాపుకి పోయా. నాకు అరవై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యా. ఇనప కటకటాల అవతల కుర్రాడు నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని మెడ చాచి చూశాడు.

“వైన్ ఉందా అబ్బయా?”

“ఏ బ్రాండ్ మేడం? విస్కీనా, బ్రాందీనా?”

“వైన్ అబ్బయా. ద్రాక్షపళ్ళది.”

పక్కనుంచి “నమస్తే మేడం” అని సన్నగా వినబడింది. తిరిగి చూస్తే ఒకప్పటి పదో తరగతి బి సెక్షన్, ఆఖరి బెంచీ. చేతిలోది చొక్కా కింద దాచుకుంటున్నాడు. నేను మాత్రం ఏం దాచుకోగలను? “బాగున్నావా నాయనా” అన్నా. వాడు మాయం.

కుర్రాడు స్టూలెక్కి, ట్యూబ్‌లైటు పక్కన పైఅరలోంచి ఒక సీసా తీసి బనీనుతో దుమ్ము తుడిచి ఇచ్చాడు. నాసిక్ వైపు తయారైన ఎర్ర వైన్. 950 రూపాయలు. ఇంటికొచ్చి చూస్తే మూత మీది రేకు ఒకపక్క ఉబ్బి ఉంది. రేకు ఒలిస్తే కార్కు సీసా మూతికి గోరంత పైకి లేచి ఉంది. దాని పక్కనుంచి బెల్లం పాకంలా ఎండిపోయిన చార. మా ఆయన ఫిజిక్స్ మాస్టారు. కళ్ళజోడు పెట్టుకుని, “వ్యాకోచం. వేడికి లోపలిది ఉబ్బి కార్కుని తోసేసింది, చల్లబడ్డప్పుడు గాలి లోపలికి పీల్చుకుంది” అని పాఠం చెప్పాడు. గ్లాసులో పోస్తే ఇటుకపొడి రంగు. ఉడకబెట్టిన ఎండుద్రాక్ష వాసన, దాని వెనకే మాడిన చక్కెర. తయారుచేసినవాళ్ళ తప్పేమీ లేదు. మన ఎండలో, రేకు కప్పు కింద, ట్యూబ్‌లైటు పక్కన ఎన్ని వేసవులు ఉడికిందో ఆ సీసా.

నాకు మండిందల్లా ఇంకోచోట. అదే షాపులో, ఆ కుర్రాడి వెనకాలే, అద్దాల తలుపు ఫ్రిజ్ నిండా బీర్లు మంచులా ఉన్నాయి.

ఇంతకీ ఈ వయసులో నాకీ పిచ్చి ఎక్కడ తగులుకుందంటే, అమెరికాలో, కూరగాయల కొట్లో. రెండేళ్ళ కిందట అమ్మాయి పురిటికని కాలిఫోర్నియా పోయి ఫ్రీమాంట్‌లో ఆరు నెలలున్నా. వారానికోసారి అల్లుడితో ట్రేడర్ జోస్ అనే కిరాణా కొట్టుకి పోయేదాన్ని. అరటిపళ్ళు, పాలు, ఉల్లిపాయలు, ఆ పక్క వరసలోనే వైన్ సీసాలు. కటకటాల్లేవు, చొక్కా కింద దాచుకునేవాళ్ళు లేరు. నా వయసు ముసలావిడ ఒకామె బండిలో పాలకూర, రొట్టె, వాటి పక్కన ఒక సీసా పెట్టుకుని నింపాదిగా పోతావుంది. అల్లుడు మొహమాటంగా, “అత్తయ్యా, మీరేమీ అనుకోకపోతే ఒకటి తీసుకుంటా” అన్నాడు. అనుకోవడానికేముంది, నువ్వు తాగే దానికి నా పర్మిషన్ ఎందుకు బాబూ అన్నా గానీ, కన్ను మాత్రం ధర మీద పడింది. నాలుగు డాలర్ల లోపు. ఆ పక్కనే కొన్న పెరుగు డబ్బా అంతకన్నా ఎక్కువ!

ఆ సీసా పేరు చార్లెస్ షా. దానికో కథ ఉంది. ఆ పేరుగల ఆసామి కాలిఫోర్నియాలోని నాపా లోయలో నిజంగానే వైన్ తయారుచేసి, నష్టపోయి మూసుకున్నాడు. ఫ్రెడ్ ఫ్రాంజియా అనే వ్యాపారి ఆ పేరు కొనేసి అట్టిపెట్టుకున్నాడు. 2002 నాటికి కాలిఫోర్నియాలో ద్రాక్ష అవసరానికి మించి పండి, ధర పడిపోయింది. (మన కందుకూరు, పొదిలి పొగాకు రైతుకి ఈ బాధ వివరించనక్కర్లేదు.) ఆ అదనపు సరుకుని వైన్ చేసి, పాత పేరు అతికించి, సీసా 1 డాలరు 99 సెంట్లకి ట్రేడర్ జోస్‌లో పెట్టాడు. జనం దానికి ‘టూ బక్ చక్’ (బక్ అంటే డాలరు, చక్ అంటే చార్లెస్) అని ముద్దుపేరు పెట్టి పెట్టెలకి పెట్టెలు మోసుకుపోయారు. 2007లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో దీని షార్డొనే అనే తెల్ల వైన్ బంగారు పతకం కొట్టేసింది. జడ్జీలు సీసా చూడకుండా రుచి చూస్తారు కాబట్టి కొట్టేసింది. చూపించి ఉంటే దాని మొహం చూసేవాళ్ళా?

నాకా షార్డొనే పెద్దగా నచ్చలేదు, నిజం చెప్పాలి గదా. పర్లేదు, అంతే. నాకు నచ్చింది ఇంకోటి, ఇంకో రెండు డాలర్లు ఎక్కువది.

ఒక ఆదివారం నేను చేపల పులుసు పెట్టా. బొమ్మిడాయిలు ఆడ యాడ దొరుకుతాయి? క్యాట్‌ఫిష్‌తోనే కానిచ్చా. పచ్చిమామిడి ముక్కలేసి, మన కారం దట్టంగా వేసి, రాత్రి పెట్టి మర్నాడు తిన్నాం, నెల్లూరోళ్ళు తినే పద్ధతిలోనే. అల్లుడు ఎర్ర వైన్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. నేనూ రుచి చూశా. నోరంతా వగరు, కారం రెట్టింపై మంట. ఎర్ర వైన్‌లో తొక్కల నుంచి వచ్చే వగరు ఉంటుందే, అదీ మన మిరపకాయా కలిస్తే నాలుక మీద కొట్లాటే. అప్పుడు ఫ్రిజ్‌లోంచి పోర్చుగల్ వైన్ ఒకటి తీశాడు. విన్యో వెర్దె. పేరుకి ‘పచ్చ వైన్’, పచ్చగా మాత్రం ఉండదు, లేతది అని అర్థం. మత్తు తక్కువ, పది శాతం చిల్లర. నాలుక మీద సన్నగా సోడా పొంగు, పచ్చిమామిడి లాంటి పులుపు. పులుసు ముద్ద, దాని మీద ఒక గుక్క. అంతే, నేను పడిపోయా.

ఎందుకట్టా కుదిరిందా అని తరవాత చదివితే తెలిసింది. చింతపండులో పులుపు టార్టారిక్ ఆసిడ్. ద్రాక్షలో ముఖ్యమైన పులుపూ అదే. అంటే మా నెల్లూరు పులుసుకీ ఆ పోర్చుగల్ సీసాకీ ఎక్కడో మేనరికం ఉందన్నమాట. పులుసు పక్కన పులుపు లేని వైన్ పెడితే చప్పగా, నీళ్ళలా ఉంటుంది. పులుపున్నది పెడితే నిలబడుతుంది. ఒకింత తీపి కూడా ఉంటే కారం దిగుతుంది. మన దేశంలో దొరికే వాటిల్లో చెనిన్ బ్లాంక్ అనే తెల్లది చాలావరకు ఈ పని చేస్తుంది, ఉడకబెట్టకుండా ఇచ్చేవాడు దొరికితే.

ఆ ఆరు నెలల్లో నేను కనిపెట్టింది ఏందంటే, ఆ కొట్లో చవకది కావాలంటే నడుం వంచాలి. కంటి ఎదురుగా ఉండే అర లాభం వచ్చే సరుకుది, మోకాళ్ళ దగ్గర అరలో ఉండేవి పేరులేని ఊళ్ళవి. పేరున్న ఊరి సీసాలో సగం డబ్బు ఊరిపేరుకే పోతుంది. ఫ్రాన్స్‌లో షాంపేన్ అనే ప్రాంతంలో చేస్తేనే షాంపేన్. అదే పద్ధతిలో స్పెయిన్ వాళ్ళు చేస్తే దాన్ని కావా అనాలి, ధర సగానికి సగం పడిపోద్ది. బుడగలకి తెలుసా ఏది ఏ దేశమో? తెల్లది కొనేటప్పుడు చీటీ మీద సంవత్సరం చూసి కొత్తదే తీసుకునేదాన్ని. పాతబడితే గొప్ప అనేది అన్ని వైన్లకీ చెల్లదు. నాలుగు డాలర్ల సీసాని దాచుకోవడమంటే కొత్తిమీర కట్టని దాచుకోవడమే. మూత తిప్పుడుదైతే నామోషీ అనుకునేవాళ్ళని చూశా. మన ఎండకి అదే నయం, ఎండిపోయే కార్కు గొడవే ఉండదు.

ఇంకోటి. ఎర్ర వైన్‌ని ‘గది వేడి’లో ఇవ్వాలంటారు. ఆ మాట పుట్టింది చలిదేశపు రాతి ఇళ్ళలో, 16, 18 డిగ్రీల గదుల్లో. ఒంగోలు గదిలో మే నెల్లో 36. హైదరాబాదులో మా బంధువొకాయన గృహప్రవేశంలో ఆరువేల సీసా తెచ్చి, మేడ మీద ఎండలో టేబుల్ మీద పెట్టి, గ్లాసు గిరగిరా తిప్పి వాసన చూసి “ఆహా, ఓక్” అన్నాడు, అంటే వైన్ దాచిన చెక్కపీపా వాసనన్నమాట. ఐసు వేసుకుంటానంటే నన్ను పురుగుని చూసినట్టు చూశాడు. అది వైనా, కషాయమా? అరగంట ఫ్రిజ్‌లో పెడితే ఆయన ఆరువేలకీ కాస్త న్యాయం జరిగేది.

మరి మన షాపుల్లో వైన్ ఎందుకు లేదు? దీనికి మా ఆయన కాగితం మీద లెక్క వేశాడు. 2024లో ప్రైవేటు షాపులు మళ్ళీ వచ్చాక, క్వార్టర్ 99 రూపాయలకే అన్నారు గదా. 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే 77 మిల్లీలీటర్ల అసలు సరుకు. వైన్ సీసా 750, పన్నెండు శాతం, అంటే 90. దానికి 99 రూపాయలు, దీనికి 950. మత్తు కోసమే వచ్చినవాడు వైన్ ఎందుకు కొంటాడు? కొనని సరుకుని షాపువాడు ఫ్రిజ్‌లో ఎందుకు పెడతాడు? లెక్క సరిగ్గానే ఉంది, నా గొడవ కూడా అక్కడే. మన దగ్గర కొట్టు అమ్మేది మత్తు. ఆ ఫ్రీమాంట్ కొట్టు అమ్మేది అన్నంలోకి ఒక వంటకం. రేటులో తేడా కన్నా ఈ తేడా పెద్దది.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. మాది నెల్లూరు జిల్లా కలిగిరి వైపు పల్లె. 1992లో సారా వ్యతిరేక పోరాటంతో దూబగుంట రోసమ్మ పేరు పేపర్లకెక్కిన రోజుల్లో, మా ఊళ్ళో సారా ప్యాకెట్ల జీపుకి అడ్డంగా రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళలో మా అమ్మ ఒకతె. రాత్రిబడిలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళే సారా వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా పోయింది, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997కల్లా అదీ పోయింది. మా చిన్నాన్న అంతకు ముందే పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళకి, కాలేయం చెడి. కూలి డబ్బులు ఇంటికి చేరేలోపు ప్యాకెట్టు చేతికొచ్చేది. అదీ చవక సరుకే.

అందుకే ‘కిరాణా కొట్లో వైన్ పెట్టండి’ అని రాయడానికి నాకు చెయ్యి రాదు. 2022 జనవరిలో మహారాష్ట్ర కేబినెట్ వెయ్యి చదరపుటడుగులు దాటిన సూపర్‌మార్కెట్లలో వైన్ పెట్టొచ్చంది. ద్రాక్ష రైతుకి మేలన్నారు. అన్నా హజారే అడ్డం తిరిగాడు, గొడవైంది, అమలు కాలేదు. ఆ వార్త చదివినప్పుడు నాలో అమ్మ కూతురు ‘మంచి పనైంది’ అంది, పులుసు తిన్న మనిషి ‘అయ్యో’ అంది. ఇద్దరూ ఇప్పటికీ రాజీ పడలా. గుండెకి మంచిదని నాతో ఎవరూ వాదించొద్దు. ఎంత తక్కువ తాగినా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. రుచి కోసం తాగుతున్నా, మందని కాదు.

నేనడిగేది చిన్నది. బోర్డు మీద వైన్స్ అని రాసుకున్నారు కాబట్టి, ఆ బీరు ఫ్రిజ్‌లో అడుగు అరలో ఒక నాలుగు సీసాలకి చోటియ్యండి. ఉడికిపోయిన సరుకు పూర్తి ధరకి అంటగట్టకండి. ఆ 950ది వెనక్కి తీసుకుపోతే “వైన్ అంటే అట్టాగే ఉంటది మేడం, పాతబడితే మంచిది” అన్నాడు కుర్రాడు. వాడికా మాట ఎవరు చెప్పారో!

పోయిన నెల అమ్మని కావలి నుంచి తీసుకొచ్చా. ఎనభై రెండేళ్ళు, చూపు తగ్గింది గానీ ముక్కు గట్టిది. చెన్నై నుంచి తమ్ముడు తెచ్చిన తెల్ల వైన్ ఫ్రిజ్‌లో ఉంటే, నీళ్ళ సీసా అనుకుని మూత తీసింది. వాసన చూసి కాసేపు అట్టాగే నిలబడింది.

“ఏమ్మే, చింతపండు రసం ఏమన్నా పులియబెట్టినావా?”

కాదమ్మా, వైన్ అని చెప్పేశా. అబద్ధం చెప్పే వయసు దాటిపోయింది గదా. మూత బిగించి, సీసాని పెరుగు గిన్నె వెనక్కి నెట్టింది. “ఎంత?” అంది. చెప్పా. “మీ చిన్నాన్నకి దొరికినంత చవగ్గా మటుకు దొరక్కూడదులే” అని పోయి కూర్చుంది. ఆ రాత్రి నేను దాన్ని తియ్యలా. మర్నాడు తీశా, పులుసులోకి.

ఒంగోలులోగానీ నెల్లూరులోగానీ వైన్‌ని చల్లగా దాచే షాపు ఎవరికైనా తెలిస్తే నాకు ఫోన్ చేసి చెప్పండి. ఇక్కడ రాయొద్దు. మా తమ్ముడు ఇవన్నీ అమ్మకి చదివి వినిపిస్తాడు.