వివరణ: ఏ జూబ్లీహిల్స్ గురించి రాశాను?

హైదరాబాద్‌లో బాగా డబ్బున్న కుటుంబాలు ఉండే ప్రాంతాల గురించి గత పోస్టులో రాస్తూ జూబ్లీహిల్స్‌ని ముందు వరసలో పెట్టాను. "మరి 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్ అసెంబ్లీ ఉపఎన్నికప్పుడు టీవీల్లో చూపించిన బస్తీలు ఎక్కడివి?" అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

నేను రాసింది కాలనీ గురించి, అసెంబ్లీ నియోజకవర్గం గురించి కాదు. నియోజకవర్గాల హద్దులు మార్చిన పునర్విభజన తర్వాత 2009లో మొదటిసారి ఎన్నిక జరిగిన ఆ నియోజకవర్గంలో బోరబండ, రహ్మత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ లాంటి ప్రాంతాలున్నాయి. సినిమావాళ్లు, పెద్ద వ్యాపారులు ఉండే రోడ్లు చాలావరకు ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి వస్తాయి. ఉపఎన్నికలో సగం మంది కూడా ఓటేయకపోతే "బంగళాల వాళ్లు కదల్లేదు" అని తిట్టినవాళ్లు ఈ సంగతి చూసుకోవాల్సింది.

ఇంకో మాట. కాలనీలోనూ అందరూ కోటీశ్వరులు కారు. జనగణనలో ఒకే వంటగదిలో తినేవాళ్లంతా ఒక కుటుంబం. అంటే సెల్లార్ గదిలో విడిగా వండుకునే వాచ్‌మన్ కుటుంబం, పైన యజమాని కుటుంబం లెక్కలో సమానమే. పైగా 2011 జనగణన ఆదాయం అడగలేదు. టీవీ, స్కూటర్, కారు, బ్యాంకు ఖాతా ఉన్నాయా అని అడిగింది. కాబట్టి "జూబ్లీహిల్స్ సగటు ఆదాయం ఇంత, జనగణన లెక్క" అని వాట్సాప్‌లో వచ్చే అంకెను నమ్మకండి.

ఆస్తి, ఆదాయం కూడా ఒకటి కావు. ఎప్పుడో చవగ్గా కొన్న స్థలం ఇప్పుడు కోట్లు పలుకుతుంది. అందులో ఉండే రిటైర్డ్ దంపతులు పెన్షన్‌తోనే గడుపుతుండొచ్చు. పాత పోస్టులో "సంపన్న కుటుంబాలు" అన్నచోట "ఖరీదైన ఇళ్లున్న కుటుంబాలు" అని చదువుకోండి.